గొర్రు ముట్టి చెప్పు

"సంచి తిరగెయ్ సిద్దమ్మా, చూద్దాం."

గోపన్న ఎద్దుల్ని నిలిపి విత్తనాల గొర్రు ఆపాడు. విత్తడానికి కూలికొచ్చిన సిద్దమ్మ కొర్రల సంచిని తిరగేసి దులిపింది. చిటికెడు ఇసుక రాలింది, అంతే. పడమటి పక్కన ఇంకా ఒక పట్టీ చేను విత్తకుండానే మిగిలింది.

కర్నూలు రాజధాని అయినాక వచ్చిన తొలి ముంగారు వానల కాలం అది. ఆలూరు చేలన్నీ మొన్ననే తడిశాయి. ఎండ ఇట్లాగే కాస్తే రేపటికి పదును ఆరిపోతుంది, ఆ పట్టీ ఏడాదంతా బీడే. గోపన్న ఖాళీ సంచిని లాక్కున్నాడు.

"ఏటేటా ఇదే సంచి. చేనంతా విత్తినాక కూడా దోసెడు మిగిలేది. ఈ ఏడు యాడికి పోయింది?"

"నాకేం తెలుసన్నా? జడ్డిగంలో పోసినా, గొట్టాల్లో దిగిపోయింది."

అప్పుడే అటు పోతున్న వడ్రంగి మారెన్నను గోపన్న కేకేశాడు. ఆ గొర్రు చేసింది మారెన్నే. అతను జడ్డిగం అనే ఆ కొయ్యగిన్నె అడుగున ఉన్న కన్నాల్లో వేలు పెట్టి చూశాడు.

"కన్నాలు అరగలేదప్పా." తర్వాత వెదురు గొట్టాల్లోకి నోటితో ఊదాడు. "పగిలింటే గాలి పక్కకు తన్నేది. బాగుండాయి. కర్రుల ఎడం కూడా నేను పెట్టిందే."

"మన్ను పూడుకుందేమో?"

"పూడుకుంటే విత్తనం మిగులుతాది గానీ తక్కువ పడదు గదా! ఎద్దులు మళ్లేటప్పుడు గొర్రు ఎత్తి పట్టుకుంటే ఆ తంటా కూడా ఉండదు. కొర్రల్లో ఇసుక కలిపినారా?"

"కలపకుంటే యెట్లా?" అంది సిద్దమ్మ. "సన్న గింజ, గుప్పిట్లో నిలవదు."

గొర్రులో తప్పు లేదు. ఇంక మిగిలింది మనిషి. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! గోపన్నకు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. తెల్లారీ తెల్లారకముందే తూర్పు గట్టు వెంబడి తొలి సాళ్లు తోలుతుంటే సిద్దమ్మ నిలబడిపోయి, పక్కనున్న కంబన్న చేను వైపే చూసింది.

"ఎండల్లో కూలికి పోయిన కంబన్న ఇంగా ఊరికి రాలేదా అన్నా?" అని కూడా అడిగింది.

"వాని ఊసు నీకెందుకు? పదును పోతాది, పద!" అని అప్పుడు కసిరాడు. ఇప్పుడు అర్థమైంది. మూట అక్కడే దాచి ఉంటుంది.

"ఒడి ఇప్పు!"

పక్క చేల వాళ్లు పనులు ఆపి గుమిగూడారు. సిద్దమ్మ ఒడి విప్పింది. రొట్టె ముక్క, ఎండుమిరపకాయ.

"దొంగసొత్తు ఒడిలో పెట్టుకుంటారా ఎవరైనా? ఆ కంబన్న చేలో యాడ దాచినావు? ముఖం చూడు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండాది!"

సిద్దమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కలంతా విత్తడానికి పిలుస్తారు. ఆ కూలి గింజలతోనే ఆమె పొయ్యి వెలుగుతుంది. విత్తనాల దొంగ అన్న పేరు పడితే గడప తొక్కనిచ్చేదెవరు?

"దాయలేదంటావా? అట్లయితే గొర్రు ముట్టి ప్రమాణం చెయ్" అన్నాడు గోపన్న.

విత్తే రోజు పసుపు పూసిన గొర్రు ముట్టి అబద్ధమాడితే వేసిన గింజ మొలవదని అక్కడి వాళ్ల నమ్మకం. సిద్దమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని గొర్రు మీద పెట్టింది.

"ఒక్క గింజ దాచింటే, నా చేత్తో యేసిన విత్తనం ఇంగ యాడా మొలవకుండా పోనీ!"

"శానా దూరం పోయినావు గోపన్నా, సాలు" అన్నాడు మారెన్న.

సిద్దమ్మ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

"ఇప్పుడు నువ్వు ముట్టన్నా. పోయినేడు ఎంత చేను విత్తినామో ఈ ఏడూ అంతే అని ఒక్క మాట చెప్పు."

గోపన్న చూపు తూర్పు గట్టు మీదికి పోయి చటుక్కున తిరిగొచ్చింది. అందరూ చూస్తున్నారు. అతని చెయ్యి మాత్రం లేవలేదు.

కంబన్న లేని ఎండాకాలంలో గట్టురాయిని అతని చేలోకి జరిపింది ఆ చెయ్యే.