గోడలో ఖాళీ

పెద్దాయన పోయినా పని మానలేదని, చీకటి పడితే చాలు చేలో రాయి మీద రాయి పెడుతున్న చప్పుడు వస్తోందని పొరుగింటావిడ పాలవాడితో అన్నదట. ఆ మాట విని కోడలు నవ్వింది. కొడుకు నవ్వలేదు.

ఆ రాళ్లనేల మీద మొదట గుడిసె వేసుకున్నది ఆయనే. రోజూ ఇంటికి వస్తూ చేలోంచి ఒక రాయి ఏరి సరిహద్దు మీద పెట్టేవాడు. నడుం వంగేనాటికి అది నడుమెత్తు గోడైంది. మొన్న ఆయన్ని చేను మూలనే పాతిపెట్టాక, నక్కలు తవ్వకుండా సమాధి మీద పేర్చాలని కొడుకు ఆ గోడలోనే ఒకచోట రాళ్లు ఊడదీశాడు. రాళ్లు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి మరి.

పొద్దుగూకాక తల్లీ కొడుకూ లాంతరు పట్టుకుని వెళ్లారు. చప్పుడు ఆగింది. కీచురాళ్లూ ఊరుకున్నాయి. సమాధి మీద సగం రాళ్లు లేవు. గోడలో ఖాళీ సగం పూడి ఉంది.

కొడుకు గోడ మీది చివరి రాయి ముట్టుకున్నాడు. ఎవరి చేతిలోంచో ఇప్పుడే దిగినట్టు వెచ్చగా ఉంది.

"మిగతావి నేనే మోసి పెట్టేస్తానమ్మా. నాన్నని ఇక పడుకోమను," అన్నాడు.

తల్లి లాంతరు కింద పెట్టింది.

"ఆయన బతికుండగా ఒక్కటైనా మోశావట్రా?"