వేన్నీళ్లకు కావలి

“సచ్చినా లోపటికి రాను. ఏసీల పండుకునేటోడు మనిషా? మార్చురీల పెట్టిన పీనుగ!”

ఉప్పల్‌లోని ఆ ఫ్లాట్ బాల్కనీలో, తడి తువ్వాలు నెత్తిన కప్పుకొని కూర్చున్న పోశయ్య మాట అది. నాచారం ఫౌండ్రీలో కొలిమి ముందర జీవితమంతా నిలబడ్డ మనిషి. కొడుకు బాలరాజు ఏసీ కొన్ననాడు, తన ఒంటి సుఖానికి ఆ గాలి పీల్చనని చుట్టాలందరి ముందూ ఒట్టు పెట్టాడు.

ఆ వారమే ఎండకు కళ్లు తిరిగి తూలిపడ్డాడు. ఇంకోసారి ఇట్లా అయితే ప్రాణం మీదికొస్తుందని దవాఖానాలో డాక్టరమ్మ కోడలు స్వర్ణలతను మందలించింది. ఇంటికి రాగానే ఆయన మళ్లీ బాల్కనీకే నడిచాడు. బాలరాజు బతిమాలాడు, అరిచాడు, చివరికి అలిగాడు.

స్వర్ణలత మాత్రం ఏసీ మెకానిక్ రమేష్‌కి ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున మామకు చాయ్ ఇస్తూ మెల్లగా కదిపింది.

“మోకాళ్లెట్లున్నయి మామా?”

“గుంజుతున్నయి బిడ్డా.”

“వేన్నీళ్లకు గీజర్ పెడ్తనంటే కరెంటు దండుగంటిరి. రమేష్ ఒక ముచ్చట చెప్పిండు. ఏసీ రూముల వేడిని గుంజి బయట పారేస్తది గదా? ఆ వేడి పైపును ఒక ట్యాంకుల నుంచి తిప్పితే నీళ్లు కాగుతయంట. పుణ్యానికి వేన్నీళ్లు!”

పోశయ్య కనుబొమ్మలు ముడిపడ్డాయి. “అంటే ఏసీ నడవాల్నా?”

“నీళ్లు కాగాలంటే నడవాలె మరి.”

“నేను లోపట కూసోవాల్నా?”

“మీ కోసం గాదు మామా. ఎవరన్న తలుపు తెరిచిపెడితే నీళ్లు కాగయి. కావలి ఉండాలె. నేనేమో డ్యూటీకి పోవాలి.”

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. “నీళ్ల కోసమే గదా... సరే తియ్యి.”

వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుకుంది స్వర్ణలత.

ఆమె నాచారంలో మందుల ప్యాకింగ్‌కి వెళ్లిన పూట రమేష్ వచ్చి వెళ్లాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి బాల్కనీ గోడకి తెల్లటి ట్యాంకు. లోపల ఏసీ కింద, బ్యాంకు కాపలాదారులా మొహం ముడుచుకొని మామ.

“కాగినయా మామా?”

“మస్తు కాగినయి! చెయ్యి పెట్టనిస్తలెవ్వు.”

మే నెలంతా అదే తంతు. పోనుపోను మధ్యాహ్నమే తలుపులు బిగించి కావలి కూర్చునేవాడు. “ఇంక జర తగ్గించు బిడ్డా, నీళ్లు జల్ది కాగుతయి” అని రిమోట్ చూపించేవాడు. కునుకు కూడా అక్కడే తీసేవాడు. కళ్లు తిరగడం మాట మళ్లీ వినపడలేదు.

“మీ నాయినను ఎట్ల బోల్త కొట్టించిన!” అని మొగుడి దగ్గర మురిసిపోయింది స్వర్ణలత.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం మామ స్నానం చేసి, “మస్తు కాగినయి” అంటూ బయటికొచ్చాడు. బకెట్ కడుగుదామని ఆమె అదే నల్లా తిప్పింది. నీళ్లు చల్లగా చేతిని కొరికాయి. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. కోడలి మనసు నొస్తుందని ఎన్నాళ్లుగా చన్నీళ్లు పోసుకుంటున్నాడో పాపం!

మర్నాడే రమేష్‌ని పిలిపించింది. “నీ ట్యాంకు ఖరాబైంది, చూడు.”

రమేష్ నవ్వాడు. “ఖరాబయ్యేదేంది అక్కా? దానికి పైపే కలపలే. ఎండాకాలమంతా మీకొచ్చినయి మిద్దె మీది ట్యాంకు నీళ్లు. ఎండకు కాగినయి.”

“కలపలేదా? ఎందుకు?”

“ఒక పైపు తక్కువైంది. రేపు తెస్త, అప్పటిదాంక ఏసీ ఎయ్యద్దని పోశయ్య కాకకు చెప్పిన.”

“మరి?”

“‘నీళ్లెవనికి గావాలె, ముందుగాల ఏసీ ఎయ్యి’ అన్నడు.”