అక్కర్లేని మనిషి

ఇంజనులో మంట చిమ్మే నాజిల్ సిమెంటు నేల మీద పడి ఖంగుమంది.

అందరూ పని ఆపేశారు.

ఆర్సెనీ వంగి తీసి చూశాడు. అంచు సొట్టపోయింది. నెల్లాళ్ళ కష్టం!

"ఏం చేతులయ్యా నీవి?" అని అరిచాడు.

ఎఫీమ్ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"పట్టు చిక్కట్లేదు, ఆర్సెనీ ప్లాతోనొవిచ్. మన్నించండి."

అతన్ని ఉత్తరాది గనుల నుంచి ఈమధ్యే తెచ్చారు. కజాన్‌లోని ఈ కర్మాగారంలో ఇంజనీర్లందరూ ఖైదీలే. యుద్ధవిమానానికి తగిలించే రాకెట్ ఇంజను వాళ్ళు తయారుచెయ్యాలి. అందులో కిరోసిన్, నైట్రిక్ ఆమ్లం కలిసి మండాలి. ఇంతవరకూ మండినదానికన్నా పేలిందే ఎక్కువ. వసంతంలోగా నిలకడగా మండకపోతే అందరూ మళ్ళీ గనులకే.

వచ్చిన రోజు ఎఫీమ్ ఆర్సెనీ పేరు విని బోసినోటితో నవ్వాడు.

"మీరు బతికే ఉన్నారన్నమాట!"

"నేను మీకు తెలుసా?"

"మీ ఇంజను తెలుసు. దాని రాగి భాగాలు మా ఫ్యాక్టరీలోనే పోత పోశాం. చక్కటి ఇంజను."

పాపం మతి చలించిందనుకున్నాడు ఆర్సెనీ. ఆ చక్కటి ఇంజను పేలినందుకే తనకి విద్రోహి అని పేరుపెట్టి శిక్ష వేశారు మరి!

చప్పుడు విని అధికారి లోపలికొచ్చాడు. సొట్టపోయిన నాజిల్‌ని చూశాడు. ఎఫీమ్‌ని చూశాడు.

"ఇతను నీకు అవసరమా?" అని ఆర్సెనీని అడిగాడు.

ఎఫీమ్ బతిమాలలేదు. మూల నిలబడి నేల చూస్తున్నాడు.

"అక్కర్లేదు, అధికారిగారూ," అన్నాడు ఆర్సెనీ.

మర్నాడు పొద్దున్నే కాపలావాళ్ళు వచ్చారు. తలుపు దగ్గర ఎఫీమ్ ఆగాడు.

"ఎలాగైనా మండించండి. అది మండితే మీ అందర్నీ వదిలేస్తారు."

ఆర్సెనీ పని మీంచి కళ్ళు తిప్పకుండానే తలూపాడు.

మంచు కరిగేనాటికి ఇంజను మండింది. గోడలదిరేలా, ఆగకుండా మండింది. పెద్దపెద్దవాళ్ళు కావలించుకుని ఏడ్చారు.

మరుసటి వేసవిలో అందర్నీ వదిలేశారు.

ఆ సాయంత్రం ఉడికించిన బంగాళాదుంపలు, వోద్కా ముందేసుకుని కూర్చున్నారు. మాస్కోలో ఆర్సెనీతో పనిచేసిన తీఖన్ కూడా శిక్ష ముగించుకుని వెతుక్కుంటూ వచ్చాడు. వస్తూనే చుట్టూ చూశాడు.

"ఎఫీమ్ కుజ్మిచ్ నీ దగ్గరున్నాడటగా! ఏడీ? ముందు ఆయనకి వంగి దణ్ణం పెట్టాలి."

"ఆ ముసలాయనా?"

"ముసలాయనేమిటి? నాకన్నా చిన్నవాడు!"

ఆర్సెనీ గ్లాసు కింద పెట్టాడు.

"వెనక్కి పంపించేశారు. దారిలో రైల్లోనే పోయాడట."

"ఎందుకు పంపించారు?"

ఆర్సెనీ సీసా అందుకుని తీఖన్ గ్లాసు నింపాడు.

తీఖన్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, తాగలేదు.

"నువ్వు విద్రోహివని కాయితం రాసి మా ముందు పెట్టారు, ఆర్సెనీ. నేను సంతకం పెట్టాను. మనవాళ్ళందరూ పెట్టారు."

గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేశాడు.

"ఎంత చితక్కొట్టినా పెట్టనన్నది, నీ మొహమైనా ఎరగని ఆ ఎఫీమ్ ఒక్కడే."