పాత చెత్త

కంప్యూటరమ్మ బల్ల కిందికి దూరింది. భుజానికున్న సంచి కూడా తీయలేదు.

"వెనకాల ఏం వెతుకుతున్నావు? ఆ పెన్‌డ్రైవ్ ముందు పెడితే సరిపోదా?" అన్నాడు కంటాస్పత్రి మేనేజరు, వంగి చూస్తూ.

"ముందు పెడితే గుర్తుపట్టడం లేదు సార్. అందుకే వెనక పెడుతున్నాను. కాస్త జరగండి, వెలుతురుకి అడ్డం."

మేనేజరు జరిగాడు.

పొద్దున స్విచ్ వేస్తే రికార్డుల గదిలోని కంప్యూటరు నల్లటి తెర చూపించి ఊరుకుంది. అందులో తొమ్మిది మంది కంటి కొలతలున్నాయి. శుక్లం తీశాక ఎవరి కంట్లో ఏ నెంబరు లెన్స్ పెట్టాలో చెప్పే కొలతలు. కొలిచిన యంత్రం నిన్ననే మరో ఆస్పత్రికి వెళ్ళిపోయింది. ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు రెండు నెలలకోసారి వస్తాడు. పదకొండింటికి మొదలుపెట్టి సాయంత్రం బండెక్కేస్తాడు. ఇవాళ తప్పితే మళ్ళీ రెండు నెలలే. తొమ్మిది మందీ వరండాలో బెంచీల మీద వరసగా కూర్చుని ఉన్నారు.

నర్సు ఫోన్ చేసిన పావుగంటకే కంప్యూటరమ్మ వచ్చింది. అది ఆస్పత్రికొచ్చే ముసలివాళ్ళు పెట్టిన పేరు.

"ఏమ్మా, ఇవాళ ఆ నీలం చీర కట్టలేదేం?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న పెద్దాయన. ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఇవాళ ఆపరేషన్ ఉన్న ఒక్క కంటికే.

"మసక కంటికి ఇంత కనిపిస్తోందా తాతా! రేపట్నుంచి నీతో జాగ్రత్తగా ఉండాలి" అని నవ్వేసి లోపలికి వచ్చింది.

సొరుగు తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. తీసిచ్చాడు. రికవరీ పెన్‌డ్రైవూ, బ్యాకప్ డిస్కూ ఆమే బయటికి తీసింది.

"ఎవరైనా మెకానిక్కుని పిలుద్దామనుకున్నా" అని గొణిగాడు.

"పిలవండి. వచ్చి, అంతా పోయింది, కొత్తగా వేద్దాం అంటాడు. అది వినే ఓపిక మీకుంటే నేను లేచిపోతాను."

"అబ్బే, కూర్చో తల్లీ, కూర్చో."

తల్లీ అట! గుమ్మంలో నిలబడ్డ నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెనక పెట్టాక పెన్‌డ్రైవ్ పలికింది. తెర మీద నాలుగైదు దారులు కనిపించాయి. మేనేజరు ఆత్రంగా వేలు చాచాడు. ఆమె ఆ మణికట్టు గాల్లోనే పట్టుకుంది.

"అది నొక్కితే ఉన్నదంతా తుడిచేసి, కొనుక్కొచ్చిన రోజున ఎలా ఉందో అలా చేసి పెడుతుంది. చేతులు వెనక్కి కట్టుకోండి సార్."

మేనేజరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కంప్యూటరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి ఆ డిస్కులో దాచింది ఆమే. తెర మాత్రం 'నకలేదీ దొరకలేదు' అంది. మళ్ళీ వెతికించింది. అదే మాట. మొదటిసారి ఆమె మొహం పాలిపోయింది.

మేనేజరు గడియారం చూశాడు. "ఇక లాభం లేదు. కేసు కాగితాలు చూసి అందాజాగా నెంబర్లు నేనే రాశాను, ఇవిగో. ఒకటి రెండు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు."

ఆమె తన కళ్ళజోడు తీసి ఆయన ముందు పెట్టింది.

"మీది తీసి ఇది పెట్టుకోండి. అలాగే మెట్లు దిగి రండి."

"ఇదేం ఎగతాళి?"

"మీరైతే కిందికి దిగాక తీసేయొచ్చు. ఆ తాత బతికినన్నాళ్ళూ తీయలేడు."

డిస్కు పట్టుకుని కౌంటరు దగ్గరికి నడిచింది. నర్సు కంప్యూటరుకి తగిలించి తెరిచింది. లోపల ఒకే ఒక ఫోల్డరు. దాని పేరు 'పాత చెత్త'.

"ఈ పేరు ఎవరు పెట్టారు?"

"డిస్కంతా గజిబిజిగా ఉంటే నిన్న సాయంత్రం నేనే సర్దాను" అన్నాడు మేనేజరు నీళ్ళు నములుతూ. "అక్కర్లేనివన్నీ ఒకచోట..."

"నకలుకి ఇల్లూ మార్చారు, పేరూ మార్చారు. ఇంకెలా పలుకుతుంది సార్?"

నకలుని చెత్తలోంచి బయటికి తెచ్చింది. దాని అసలు పేరు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ కొట్టింది. డిస్కు తెచ్చి రికార్డుల గదిలో మళ్ళీ తగిలిస్తే ఈసారి తెర వెంటనే చూపించింది: నిన్న మధ్యాహ్నం మూడు గంటలది. కొలతలన్నీ ఎక్కాక తీసినది.

నకలు ఎక్కించమని నొక్కితే, ఎంత పని అయిందో చూపే గీత నత్తలా పాకడం మొదలుపెట్టింది. సగం దాటాక ఆగింది. అయిదు నిమిషాలైనా కదల్లేదు.

"ఒకసారి ఆపి మళ్ళీ వేద్దామా అక్కా?" అంది నర్సు బెదురుగా.

"వద్దు. అది పని చేసుకుంటోంది, చెప్పట్లేదంతే." మేనేజరు చెయ్యి స్విచ్ వైపు వెళ్ళడం చూసి తన అరచెయ్యి దాని మీద పెట్టేసింది. "దీన్ని ముట్టుకున్నారంటే మీకూ కళ్ళల్లో చుక్కలు వేయించి ఆ బెంచీ మీద కూర్చోబెడతాను."

గీత కదిలింది. పదింబావుకి కంప్యూటరు నిద్ర లేచింది. తొమ్మిది పేర్లు, తొమ్మిది నెంబర్లు. ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివి కాగితం మీదికి తీసింది.

"తాతకి ఇరవై ఒకటిన్నర. మీరు రాసింది ఇరవై నాలుగు."

మేనేజరు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేశాడు. నర్సు అసలు కాగితాలు లాక్కుని ఆపరేషన్ గదికి పరిగెత్తింది.

కంప్యూటరమ్మ సంచి సర్దుకుని లేచింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"రేపు... ఎప్పట్లాగే తొమ్మిదింటికి..."

"ఆలోచించుకుని చెబుతాను సార్."

నిన్న సాయంత్రం ఆమెని ఉద్యోగంలోంచి తీసేస్తూ ఆయన రాసిచ్చిన కాగితంలో కారణం ఒక్కటే ఉంది: 'పనివేళల్లో బ్యాకప్‌లు తీస్తూ కాలం వృథా చేయుట.'