ఏ వైపు చుట్టం?

"మా అబ్బాయి మీకు నచ్చాడా అమ్మా?"

పెళ్లికొడుకు కాలమ్ భుజం మీద చెయ్యి వేసి, వాళ్ల నాన్న, పెళ్లికూతురు మెల్పో ఇంటి విందులో ఆమె నాయనమ్మను అడిగాడు. గ్లాస్గోలో పుట్టి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన పెద్దమనిషి.

"నే! నే!" అంది నాయనమ్మ, బల్ల మీద చరుస్తూ.

ఆయన ముఖం వాడిపోయింది. వాళ్ల స్కాట్లాండు యాసలో ఆ మాటకు 'కాదు' అని అర్థం.

కాలమ్ తల్లి చేతిసంచీ అందుకుంది. "పదండి పోదాం. ఇంటికి పిలిచి మరీ అవమానిస్తారా?"

పెరడంతా గగ్గోలు లేచింది. మెల్పో బాబాయిలు, పిన్నులు, వాళ్ల పిల్లలు ఒకేసారి గ్రీకులో అరిచారు. ఏం జరిగిందో తెలియక కాలమ్ వాళ్లు గోడవారగా ఒదిగి నిలబడ్డారు.

పళ్లేలు పట్టుకుని వస్తున్న మెల్పో అటు పరుగెత్తేలోపే, తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దాయన వాళ్లకి అడ్డం వెళ్లాడు.

"అమ్మా, కూర్చోండి. గ్రీకులో 'నే' అంటే అవునని. ఆవిడ అవునని రెండుసార్లంది. అబ్బాయి బాగా నచ్చినట్టు!"

కాలమ్ తల్లే ముందు నవ్వింది. చేతిసంచీ మళ్లీ కుర్చీ మీదికి చేరింది.

అక్కడినుంచి విందు ఆ పెద్దాయనదే అయింది. కాలమ్‌ను లాక్కెళ్లి గ్రీకు నాట్యంలో అడుగు ఎలా వెయ్యాలో చూపించాడు. నాయనమ్మకి మాంసం చిన్న ముక్కలు చేసి పెట్టాడు. అడగ్గా అడగ్గా గ్రీసులో ఎపిరస్ కొండల్లోని మెల్పో వాళ్ల ఊరి పాట ఎత్తుకున్నాడు.

"మన ఊరి యాసే!" అని మురిసిపోయింది చూపు ఆనని నాయనమ్మ.

ఆయన పక్కన కూర్చుంటే మెల్పోకి ఎందుకో మనసు విప్పాలనిపించింది.

"కాలమ్ గ్రీకువాడు కాదని నాన్న నాతో ఏడాదిపాటు మాట్లాడలేదండీ. ఇప్పుడు ఒప్పుకున్నా, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడో లేదో. ఈ భయం కాలమ్‌కి కూడా చెప్పలేదు."

"ఒప్పుకున్నాడుగా. అదే చాలా పెద్ద సంగతి," అన్నాడాయన.

కాసేపటికి మెల్పో కాలమ్ చెవిలో అంది. "మీ పెదనాన్న గ్రీకు భలే మాట్లాడుతున్నాడే!"

"మా పెదనాన్నా? మీ చుట్టం కాదూ?"

మెల్పో బాబాయిని అడిగింది. పిన్నిని అడిగింది. అందరూ తెలీదన్నారు. పిలవకుండా వచ్చి కడుపు నింపుకుంటున్నవాడికి తన గుండెలో మాట చెప్పుకుంది! మెల్పోకి ఒళ్లు మండింది.

"ఏవండీ, మీరు ఏ వైపు చుట్టం?"

ఆయన లేచి నిలబడ్డాడు. "చుట్టం అని చెప్పుకోలేనమ్మా. చర్చిలో నీ పెళ్లి మాట విన్నాను. ఒక్కసారి చూసి పోదామనిపించింది."

"మరి మా మనిషిలా నా మాటలన్నీ ఎందుకు విన్నారు?"

ఆయన బొగ్గుల పొయ్యి వైపు చూశాడు. మెల్పో నాన్న లెఫ్టెరిస్ అక్కడ మాంసం తిప్పుతున్నాడు.

"మీ నాన్నకి తెలుసు నేనెవరో."

"నాన్నా, తెలుసా?"

లెఫ్టెరిస్ వెనక్కి తిరగలేదు. "నాకు తెలీదు."

"అయితే దయచెయ్యండి," అంది మెల్పో.

"పక్క వీధిలో ఇంకో విందుందట తాతా, పరుగెత్తు! మాంసం అయిపోతుంది!" అన్నాడొక బాబాయి కొడుకు. అందరూ గొల్లున నవ్వారు.

పెద్దాయన చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టి, కాలమ్ బుగ్గ తట్టి వెళ్లిపోయాడు.

గేటు మూసుకున్న కాసేపటికి వంటింట్లోంచి మేనత్త పొలిక్సేని వచ్చింది. పెళ్లి వద్దని ఈ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. చేతుల నిండా పిండి.

"ఇందాక పాడిందెవరు? మిఠాయి మాడిపోతుందని కదల్లేకపోయాను."

"ఎవడో తిండిపోతు అత్తా. పంపించేశాం."

"ఎలా ఉన్నాడు?"

"తెల్లచొక్కా. పొడుగ్గా... నాన్నకి తెలుసన్నాడు. నాన్న తెలీదన్నాడు."

పొలిక్సేని తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే లెఫ్టెరిస్, ఇటు చూడు."

అతను చూడలేదు.

"వేరే పిల్లని చేసుకుని వెళ్లిపోయాడని నా ముందు ప్రమాణం చేశావు కదరా."

"నాన్న చెప్పమన్నాడక్కా. చెప్పాను," అన్నాడు లెఫ్టెరిస్ బొగ్గులకేసి చూస్తూ.

"నాన్న పోయాక ఎవరు ఆపారు నిన్ను? ఇప్పుడు... గుమ్మంలోకి వచ్చిన మనిషిని తెలీదంటావా?"

మెల్పో గేటు తీసుకుని వీధిలోకి పరుగెత్తింది. బారుగా నిలిపిన తమవాళ్ల కార్లు తప్ప మనిషి జాడ లేదు. తిరిగి వచ్చేసరికి అత్త ఆయన వదిలిన పళ్లెం ముందున్న ఖాళీ కుర్చీలో కూర్చుని ఉంది.

మెల్పో ఆమె పాదాల దగ్గర కూలబడింది. తండ్రి వైపు చూడబుద్ధి కాలేదు.

"మన యాసలో పాడాడంటే మన ఊరి దగ్గరివాడే అయ్యుంటాడు. ఏ ఊరి గ్రీకువాడత్తా ఆయన? చెప్పు, వెతికి తీసుకొస్తాను."

పొలిక్సేని పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"గ్రీకువాడు కాదు తల్లీ. మీ కాలమ్ లాంటి పరాయివాడే. ఈ ఇంటికి అల్లుడవుదామని, నా పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నాడు."