పేరు లేని బొమ్మలు

"గని కాడికి రావొద్దని నీకెన్నిసార్లు చెప్పిన్రా?" భీమ్లా పేపర్‌ను కొడుకు చేతిలోంచి లాక్కుని మంచం మీదికి విసిరికొట్టాడు.

మోతీలాల్ పేపర్‌ను మళ్లీ చేతికి తీసుకున్నాడు. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బస్సు దిగి తండాకు పరుగెత్తుకొచ్చింది ఈ తిట్లు తినడానికా? పేపర్ వాళ్లు పెట్టిన పోటీలో అతని ఫోటోకు మొదటి బహుమతి వచ్చింది. సగం పేజీ వేశారు. షిఫ్టు దిగి గేటు దాటుతున్న తండ్రి, ముఖం నిండా బొగ్గు, ఆ నలుపులో రెండు కళ్లు. కింద ఉన్నది గట్టిగా చదివి వినిపించాడు కూడా: 'ధరావత్ భీమ్లా, బొగ్గు గని కార్మికుడు, పినపాక మండలం.' వింటూనే తండ్రి ఇట్లా ఎగిరిపడ్డాడు.

"బాపూ, ఫస్ట్ ప్రైజ్ వచ్చింది దానికి!"

"నీకు ప్రైజ్ వచ్చింది. నా నౌకరికి ఎసరు వచ్చింది. నౌకరి పోతది, ఎర్కేనా?"

"ఎందుకు పోతది? నేను లోపలికి రాలే. గేటు బయట, చాయ్ బండి పక్కన నిలబడి తీసిన. దానికి గూడ పర్మిషన్ కావాల్నా?"

భీమ్లా చెప్పులు వేసుకున్నాడు. "బస్టాండ్ల ఇంకెన్ని పేపర్లున్నయో..." అని గొణిగాడు.

"ఏం జేస్తవ్ వాటిని?"

"అన్ని కొని పొయ్యిల పెడ్త."

అని వెళ్లిపోయాడు. మోతీలాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఈ ఫోటో వెనక ఎంత కొట్లాట జరిగిందో ఈ మనిషికేం తెలుసు! కాలేజీలో ఫోటోగ్రఫీ చెప్పే నిర్మలాదేవి మేడం వారానికో బొమ్మ బల్ల మీద పెట్టి, "చూస్తే మీకేమనిపించిందో రాయండి, పుస్తకంలోది వద్దు" అనేది. మిగతావాళ్లు వెలుగు, నీడ అని రాసేవాళ్లు. మోతీలాల్ తిట్లు రాసేవాడు. ఒకసారి ఆమె ఒక క్యాలెండర్ పెట్టింది. అద్దాల రవిక, చేతుల నిండా తెల్ల గాజులు, పర్ణశాల రేవులో నవ్వుతున్న ఆడమనిషి. కింద 'లంబాడీ సుందరి' అని రాసి ఉంది. ఆమె మోతీలాల్‌కు సొంత మేనత్త, మంగ్లి! ఎప్పుడో రేవులో కట్టెల మోపు దించి నిలబడితే ఎవడో ఫోటో తీసుకుపోయాడు.

"మంత్రిగారి కుక్క ఫోటో కింద గూడ పేరుంటది. మా అత్తకు పేరు లేదా మేడం?" అని క్లాసు అదిరిపోయేలా అరిచాడు.

ఆ తర్వాత ఏ పుస్తకం తిప్పినా అదే కనబడింది. 'కూలీ'. 'ఒక కార్మికుడు'. 'అడవి బిడ్డ'. ఒక్కరికీ పేరుండదు. చూసిన ప్రతిసారీ కడుపు మండిపోయేది. అందుకే తన ఫోటోకు 'శ్రమ' అని పేరు పెడదామని మేడం అంటే వద్దన్నాడు. 'గని కార్మికుడు' చాలు కదా అని పేపర్ వాళ్లంటే, మా బాపు పేరు వేయకపోతే ఫోటో వాపస్ ఇయ్యండని పోట్లాడాడు. పంతం పట్టి వేయించాడు. వేయించినందుకు ఇదీ దక్కింది!

"యాడీ, బాపుకు సిగ్గు," అన్నాడు, రొట్టెలు చేస్తున్న తల్లితో. "మొకం నల్లగ పడ్డదని సిగ్గు. తన కష్టానికి తనే సిగ్గుపడ్తే ఎట్ల?"

జమ్లి తల ఎత్తలేదు. "సిగ్గు గాదు బిడ్డా, భయం. ఇరవై ఏండ్ల నౌకరి. ఇంకో నాలుగేండ్లయితె దిగిపోతడు. నీ సదువు, మన తిండి, అంత దాని మీదనే గద."

"ఏం తప్పు చేసిండని భయం? ఫోటో తీసింది నేను. నేనే ఆఫీసుకు పోయి చెప్త."

జమ్లి చేతిలోని రొట్టె జారి పొయ్యిలో పడింది. "వద్దు మోతీ! ఆయన్ని రానియ్యి. నీకొక మాట చెప్పాలె."

"మాటలు చాలు. మీరు గిట్ల భయపడబట్టే వాళ్లు గట్ల నెత్తికెక్కిండ్రు."

పేపర్ చొక్కాలో దోపుకుని సైకిలెక్కాడు. తల్లి వెనక నుంచి పిలుస్తూనే ఉంది. వినిపించుకుంటేగా!

గని దాకా అయిదు మైళ్లు. తొక్కినంత దూరం మాటలు నూరుకుంటూనే పోయాడు. ఆఫీసు ముందు గదిలో సారంగపాణి అనే క్లర్క్ ఒక్కడే ఉన్నాడు. మోతీలాల్ పేపర్‌ను అతని బల్ల మీద పరిచాడు.

"సార్, మా బాపును ఏమన్న అంటే మంచిగుండదు. రోడ్డు మీద నిలబడి నేను తీసిన. అడిగేదుంటే నన్ను అడుగుండ్రి."

సారంగపాణి ఫోటో చూసి నవ్వాడు. "గింత కోపమేంది తమ్మీ? రోడ్డు మీద తీసుకుంటె మాకేం? అబ్బా, ఏం తీసినవయ్యా! కూసో."

"మరి నౌకరికి..."

"నౌకరికేమైతది? మన గనికి పేరొచ్చింది. మేనేజర్ సాబ్‌కు చెప్పి ఆయనకు శాలువా కప్పిద్దాం. నేనొచ్చి నెల కాలే, మొకాలింక గుర్తుపడ్తలేను. పేరేంది?"

"ధరావత్ భీమ్లా." చెబుతుంటే మోతీలాల్ ఛాతీ పొంగింది. ఇంటికెళ్లి తండ్రికి చెప్పాలి, నువ్వు ఉత్తగనే భయపడ్డవని.

సారంగపాణి రిజిస్టర్‌లో వేలుపెట్టి పైనుంచి కిందికి వెతికాడు. మళ్లీ వెతికాడు. దొరకలేదు. కళ్లద్దాలు తుడుచుకుని పేపర్‌లోని ఫోటో మీదికి వంగాడు.

"ఆఁ, నడుముకు బిళ్ల కనబడ్తున్నది. నంబరు ఏడు వందల పద్నాలుగు. గిది చాలు."

పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. లోపలి గది వైపు తిరిగి, "సార్, జర జల్దీ రండ్రి," అని కేకేసి, రిజిస్టర్‌ను మోతీలాల్ వైపు తిప్పాడు.

ఉద్యోగంలో చేరిన రోజు అతికించిన ఫోటో అది. అందులో ఉన్నది ముమ్మాటికీ బాపే.

కింద పేరు, మేకల వెంకన్న.