బ్రాకెట్లలో మాట

"మళ్లీ మూగనోము పట్టింది!" దీనా విసుగ్గా కీబోర్డును పక్కకు తోసింది.

బల్ల మీద టకటకమని చప్పుడైంది. తల తిప్పి చూసింది. స్టీల్ ప్లాంట్లో రిటైరైన నాన్న సుందర్ రాజ్, సుద్ద అంటిన వేళ్లు లుంగీకి తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఏటే, ఈ బ్రాకెట్లేటి? సేపల వలలాగుంది."

"ఇది లిస్ప్ అనే కంప్యూటరు భాష నాన్నా. నేను రాసేది దీన్లో. పలకాల్సింది మా ఫ్రెండు అలేఖ్య సి భాషలో రాసిన లైబ్రరీ, అంటే రాసింది చదివి వినిపించే ప్రోగ్రాము. ఇది పిలవాలి, అది పలకాలి. పిలుస్తోంది గానీ పలకట్లేదు."

ఉక్కునగరం చర్చిలో ఆదివారం వాక్యం చదవడం ఏళ్ల తరబడి సుందర్ రాజ్ వంతు. ఈ ఆదివారం కంప్యూటరు చేత చదివిస్తానని దీనా పాస్టరుగారికి మాటిచ్చేసింది. సంఘంలో కొందరు మూతులు విరిచారు. మధురవాడలో ఉద్యోగం చేసే అలేఖ్య, సుందర్ రాజ్ పాత రికార్డింగుల నుంచే లైబ్రరీకి గొంతు తయారు చేసింది. అంతా సిద్ధం, పలుకొక్కటే తక్కువ. ఆరాధన ఇంకో గంటలో ఉంది.

"టైమైపోతంది!" వంటింట్లోంచి అమ్మ దీవెనమ్మ కేకేసింది. "పోన్లేవే, ఈ వారం కూడా మీ అన్న కెన్నీయే సదువుతాడు."

"అన్నయ్యేం వద్దు!" దీనాకు ఉక్రోషం ముంచుకొచ్చింది.

మళ్లీ టకటక.

"మీ సి వోడికి కోపమొచ్చిందేటి?"

"కోపం కాదు, మొండితనం. ఏదిస్తే అది మింగుతాడు. తప్పిచ్చావని ఒక్క మాటనడు."

"మీ అమ్మకి పూర్తిగా రివర్సు."

దీనా పకపకా నవ్వుతూ మధ్యలోనే ఆగిపోయింది. ఏదిస్తే అది... వేగం! ఎంత వేగంగా పలకాలో లైబ్రరీకి దశాంశ సంఖ్యగా చెప్పాలి. తనేమో పూర్ణాంకమని రాసింది. సి దాన్ని తనకు తోచినట్టు చదువుకుని, వేగం సున్నా అనుకుని నోరు కట్టేసుకుంది.

ఆ ఒక్క ముక్కా మార్చి, కీబోర్డు నాన్న ముందుకు జరిపింది. "మొదటి మాట నువ్వే కొట్టు."

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. స్పీకరు ఖంగుమంది.

"దీవెనా, టీ అట్టుకురా!"

"పలికింది!" దీనా ఎగిరి గంతేసింది. వంటింట్లో గరిటె కిందపడింది. దీవెనమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. సుందర్ రాజ్ దర్జాగా మీసం దువ్వి, ఇంతసేపూ మాటలు రాసి చూపించిన పలకను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు.

ఆపరేషన్లో గొంతు పోయాక, ఆ ఇంట్లో ఆయన మాట వినబడడం అదే మొదటిసారి.